గమ్‌తో అంటించిన ముందు గ్లాసును పగలకుండా చేతి పనిముట్లతో తీయడం: నా అనుభవం

మా దగ్గరికి బాగుకు వచ్చింది పదేళ్లు దాటిన హ్యాచ్‌బ్యాక్. విశాఖలో సముద్రానికి దగ్గరగా, ఆరుబయట నిలబడే బండి. వాన పడితే ఎడమ సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తోంది. గ్లాసు పైన ఎడమ మూల పక్కన పెయింటు ఉబ్బింది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ రెండూ కలిసి కనబడితే గ్లాసు కింద రేకు తుప్పు పట్టిందనే లెక్క. పైనుంచి సీలెంట్ పూస్తే కొన్ని వానలు ఆగుతుంది, లోపల తుప్పు మాత్రం తన పని తాను చేసుకుంటూ పోతుంది. అందుకని గ్లాసు తీయాల్సిందే. కానీ గ్లాసు కంపెనీతో వచ్చినదే, ఎక్కడా రాయి దెబ్బ లేదు. తీసి, రేకు బాగుచేసి, మళ్లీ అదే గ్లాసు పెట్టాలి.

అంబాసిడర్, పద్మినీ కార్ల గ్లాసులైతే రబ్బరు బీడింగ్‌లో కూర్చునేవి. బీడింగ్ పెదవి లోపలి నుంచి మెల్లగా ఎత్తి తోస్తే గ్లాసు బయటికి వచ్చేసేది. ఇప్పటి కార్లలో గ్లాసును యురెథేన్ గమ్‌తో నేరుగా బాడీ అంచు రేకుకి అంటిస్తారు. అది బండి బలంలో భాగం. బండి పల్టీ కొట్టినప్పుడు పైకప్పుకి కొంత ఆసరా ఈ గ్లాసే, చాలా కార్లలో ఎడమ సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు దానికి వెనక దన్ను కూడా ఇదే. అంత గట్టిగా పట్టుకోవాలని పెట్టిన గమ్ లాగితే రాదు, ఎత్తితే రాదు. కోయాల్సిందే.

కోయడానికి చేతి పనిముట్లు రెండు రకాలు. ఒకటి ఎల్ ఆకారపు బ్లేడున్న లాగుడు కత్తి. ఒక చేత్తో పిడి పట్టుకుని, కత్తికి కట్టిన తాడు పిడిని రెండో చేత్తో లాగుతూ బయటి నుంచి కోసుకుంటూ పోవాలి. రెండోది సన్నటి స్టీలు తీగ. కత్తి వేగంగా పోతుంది, ఒక్క మనిషే చేసుకోవచ్చు. అయితే దాని బ్లేడు గ్లాసు అంచుని ఆనుకునే నడుస్తుంది. పిడి కాస్త మెలితిరిగినా బ్లేడు గ్లాసును పైకి ఎత్తుతుంది, అంచు నుంచి జానెడు చీలిక టప్పున పాకుతుంది. లామినేటెడ్ గ్లాసంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర. అన్నీ కలిపి మందం ఐదు మిల్లీమీటర్లకు అటూఇటూ. మధ్యలో రాయి తగిలితే ఓర్చుకుంటుంది కానీ అంచు దగ్గర చిన్న పెచ్చు లేచినా చాలు, పని అయిపోయినట్టే. పైగా చాలాసార్లు లోపలి పలకే చిట్లుతుంది. బయట నిలబడినవాడికి అది కనిపించదు. నా లెక్కలో గ్లాసు ముందే పగిలి ఉంటే కత్తి, గ్లాసును దాచుకోవాలంటే తీగ. ఈ బండికి తీగే వాడాం. కత్తిని కింద రెండు మూలల్లో కొంచెం మాత్రమే వాడాం.

తీగ విషయంలో కక్కుర్తి పనికిరాదు. గిటార్ తీగతో కూడా కోయొచ్చంటారు, నిజమే, కోస్తుంది. కానీ మాటిమాటికీ తెగుతుంది. గ్లాసు పనికని అమ్మే పేనిన తీగ కానీ, గుండ్రంగా కాక చదరంగా ఉండే తీగ కానీ తీసుకోవాలి. పేనిన తీగకు గరుకు ఉంటుంది కాబట్టి రంపంలా కోయడానికి బాగుంటుంది. చదరపు తీగ ఒకే వైపు లాగి కోయడానికి నయం. 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మందం చాలు. ఇద్దరు అటూ ఇటూ లాగే పద్ధతిలో ఒక్కో ముక్క మీటరు నుంచి మీటరున్నర ఉండాలి. ముక్కలు ముందే కోసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఎంత జాగ్రత్తపడినా ఒకటో రెండో తెగుతాయి. తీగ కొసలను చేతి గుడ్డకు చుట్టుకుని లాగడం మాత్రం వద్దు, వేళ్లు తెగుతాయి. చెక్క పిడికి మధ్యలో బెజ్జం వేసి, తీగ దూర్చి, రెండు మూడు చుట్లు చుట్టి కొస లోపలికి మడిచేయాలి. తోలు చేతొడుగులు, కళ్లద్దాలు ఇద్దరికీ తప్పనిసరి. తెగిన తీగ ఎటు కొరడాలా ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

కోత కంటే ముందు విప్పుడు పనికే ఎక్కువ సమయం పడుతుంది. అది సహజం కూడా. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశాం. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క కిటికీల మీదుగా తెరుచుకునేది) ఉన్న బండైతే గ్లాసు పక్క స్తంభాల కవర్లు ముట్టుకునే ముందు మాన్యువల్లో రాసినంత సేపు ఆగాలి. తర్వాత వైపర్ చేతులు. నట్టు విప్పగానే చెయ్యి ఊడి రాదు, పళ్ల మీద బిగుసుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పైకి ఎత్తితే కింద ప్లాస్టిక్ పగులుతుంది. చేతిని సగం ఎత్తి పక్కలకు కదిపితే వదులుతుంది, మొండికేస్తే లాగి ఊడదీసే చిన్న పుల్లర్ వాడాలి. వైపర్లు ఆగి ఉన్న చోట గ్లాసు మీద టేపు ముక్కలు అంటించుకుంటే మళ్లీ బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు. ఆ తర్వాత వైపర్ల కింద ఉండే పొడుగాటి ప్లాస్టిక్ కవర్. పదేళ్ల ఎండ తిన్న క్లిప్పులు సగం విరుగుతాయి, కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోవడం మంచిది. ఆ కవర్ కింద ఎండుటాకులు, మట్టి మేట వేసి ఉంటే మొత్తం ఊడ్చి తుడవాలి. అక్కడి ఇసుక తీగతో పాటు గమ్‌లోకి పోతే రేకు మీద పెయింటు గీరుకుపోతుంది.

తర్వాత లోపల వెనక బండ్లు చూసే అద్దం, స్తంభాల కవర్లు, పైకప్పు గుడ్డ ముందు అంచు. పైకప్పు గుడ్డను మొత్తం విప్పక్కర్లేదు. సన్ వైజర్లు, ముందు పట్టీ విప్పి నాలుగు వేళ్లు కిందికి వంగితే చాలు. ఎక్కువ వంచితే మడత పడి ఆ గీత అలాగే ఉండిపోతుంది. గ్లాసుకు వాన సెన్సర్ ఉంటే దాన్నీ విప్పాలి. ముందు కెమెరా ఉన్న కార్ల సంగతి వేరు. గ్లాసు తిరిగి పెట్టాక ఆ కెమెరా గురిని మళ్లీ సరిచేయాలి (క్యాలిబ్రేట్ చేయాలి). ఆ సదుపాయం లేనివాళ్లు అలాంటి బండి జోలికి పోకపోవడమే మేలు.

బయట గ్లాసు చుట్టూ ఉన్న సన్నటి మౌల్డింగ్‌ను తీసేస్తే గ్లాసు అంచుకూ బాడీకీ మధ్య సందు కనిపిస్తుంది. ఈ మౌల్డింగ్ తిరిగి పనికొస్తుందని ఆశ పెట్టుకోవద్దు, సాగిపోతుంది. చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు మూడు పొరలు, బానెట్ మీద పాత దుప్పటి, డాష్‌బోర్డు మీద మందపాటి ప్లాస్టిక్ షీటు వేశాం. గ్లాసుకు గాలి కొట్టే సందుల మీద టేపు వేయడం చాలామంది మర్చిపోతారు. గమ్ పొట్టు అందులో పడితే ఏసీ వేసినప్పుడల్లా మొహం మీదికి వస్తుంది.

ఇంకో పని ఉంది, నిమిషం కూడా పట్టదు. గ్లాసు మీద సగం, పైకప్పు మీద సగం పడేలా పైన రెండు చోట్ల, పక్కల రెండు చోట్ల టేపు అంటించి, సరిగ్గా సందు దగ్గర బ్లేడుతో కోయాలి. తిరిగి పెట్టేటప్పుడు టేపు ముక్కలు ఎదురెదురుగా వస్తే గ్లాసు దాని పాత చోట్లో కూర్చున్నట్టే. తడి గమ్ మీద పెట్టాక అటూ ఇటూ జరపడం కుదరదు కాబట్టి ఈ గుర్తులే దిక్కు.

గ్లాసు మార్చేట్టయితే ఫాస్టాగ్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. దాన్ని ఊడదీసి ఇంకో గ్లాసుకు అంటించలేం, పీకితే పాడయ్యేలా చేస్తారు. హై సెక్యూరిటీ నంబరు ప్లేటుతో ఇచ్చే మూడో స్టిక్కరూ అంతే. మాది అదే గ్లాసు కాబట్టి రెండిటినీ ముట్టుకోలేదు, గ్లాసును పట్టి ఎత్తే లిఫ్టర్ల రబ్బరు కప్పులు వాటికి దూరంగా పెట్టేలా మాత్రం చూసుకున్నాం.

ఇక కోత. తీగ దూర్చే రంధ్రం మూలలో చేయకూడదు. మూలల్లో గమ్ మందంగా ఉంటుంది, అక్కడే రేకు వంపు కూడా. మూల నుంచి నాలుగైదు అంగుళాలు జరిగి, నేరుగా ఉన్న చోట, లోపలి నుంచి పొడుగాటి సూదిని గ్లాసుకు ఆనించి గమ్‌లోకి గుచ్చాలి. బస్తాలు కుట్టే దబ్బనం లాంటిదే, పిడి ఉంటుంది, కొన దగ్గర బెజ్జం. సూదిని తిప్పుతూ తోయాలి, సుత్తితో కొట్టకూడదు. కొన బయట సందులో కనబడగానే తీగ ఎక్కించి వెనక్కి లాగితే తీగ లోపలికి వస్తుంది. రెండు కొసలకూ పిడులు కట్టాక ఒకరు లోపల సీట్లో, ఒకరు బయట.

పని బాగా రావడం, పాడవడం అంతా చేతులు ఎక్కడ ఉంటాయన్న దాని మీదే. తీగ ఎప్పుడూ రెండు పిడుల మధ్య నేరుగా నిలబడాలని చూస్తుంది. లోపలి మనిషి చెయ్యి గ్లాసుకు ఆనినంత దగ్గరగా ఉంటే తీగ గ్లాసు అడుగునే రాసుకుంటూ గమ్‌ను కోస్తుంది. అలసిపోయి ఆ చెయ్యి కిందికి జారిందంటే తీగ రేకు అంచు మీద పడుతుంది, పెయింటు లేచి ఇనుము తేలుతుంది. మనం తీయడానికి వచ్చిన తుప్పుకి కొత్త చోటు చూపించినట్టవుతుంది. బయటి మనిషి చెయ్యి గ్లాసు తలానికి సమానంగా ఉండాలి. పైకి ఎత్తితే తీగ గ్లాసు అంచు మీద వంగి తెగుతుంది, దించితే టేపును కోసి పెయింటులోకి దిగుతుంది. బయటివాడికి లోపల ఏం జరుగుతోందో కనబడదు. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది: లోపలి మనిషి "ఆపు" అంటే మాట మధ్యలోనైనా ఆపేయాలి, ఎందుకని తర్వాత అడగాలి.

తీగ ఎక్కడ రాసుకుంటోందో దాని పొట్టు చెబుతుంది. నల్లటి మెత్తటి పొట్టు రాలుతుంటే గమ్. అందులో బండి రంగు, లేదా బూడిద రంగు ప్రైమర్ నలుసులు కనబడితే తీగ రేకును తాకుతోంది. శబ్దంలోనూ తేడా ఉంటుంది. గమ్‌లో మందంగా బుస్సుమంటుంది, ఇనుము తగిలితే కీచుమంటుంది.

వేగంగా లాగితే త్వరగా అయిపోతుందనుకోవడం ఈ పనిలో మొదటి పొరపాటు. తీగ వేడెక్కుతుంది, గమ్ తెగడం మానేసి కరిగి జిగురుగా తీగకు పట్టుకుంటుంది, కాలిన వాసన వస్తుంది, ఆ వెంటనే తీగ తెగుతుంది. నిదానంగా, పొడుగాటి లాగుళ్లతో, ఇద్దరూ ఒకే బిగువు ఉంచుతూ పోవాలి. మధ్యమధ్య స్ప్రే బాటిల్‌తో మంచినీళ్లు కొడితే తీగ చల్లగా ఉంటుంది, జారుడూ వస్తుంది. నూనె, సిలికాన్ స్ప్రే, తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం దరిదాపుల్లోకి రానీయకూడదు. వాటి పొర మిగిలితే కొత్త గమ్ పట్టదు. ఎండలో కాగిన గ్లాసు మీద చల్లటి నీళ్లు కొట్టినా ప్రమాదమే, బండిని ముందే నీడలో పెట్టుకోవాలి.

పై వరస సులువు. మూల దగ్గరికి రాగానే తీగ ఆగిపోయినట్టు అనిపిస్తుంది, గమ్ అక్కడ వెడల్పు. బలం పెంచకుండా లాగుడు పొడవు తగ్గించి, మూల చుట్టూ పిడిని కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోవాలి. కొన్ని కార్లలో పై మూలల దగ్గర గ్లాసుకు అంటించిన ప్లాస్టిక్ పిన్నులు రేకు రంధ్రాల్లో కూర్చుని ఉంటాయి. తీగ ఒక్కసారిగా గట్టిగా తగిలి, పొట్టు తెల్లగా రాలితే అది పిన్నే. ఓపిగ్గా కోస్తే తెగుతుంది.

కోసిన చోటల్లా సన్నటి ప్లాస్టిక్ చీలలు దూర్చుకుంటూ వెళ్లాం. ఎత్తడానికి కాదు. వేడికి మెత్తబడిన పాత గమ్ ముఖాలు రెండూ మళ్లీ ఒకదానికొకటి అతుక్కుంటాయి, అది జరగకుండా చూడడానికి. చీలను సుత్తితో కొడితే మాత్రం గ్లాసు చిట్లుతుంది. వేలితో తోస్తే దూరేంత పలుచన ఉంటే చాలు.

కింది వరసలో ఓపికకు పరీక్ష. డాష్‌బోర్డు గ్లాసు కిందికి చొచ్చుకుని ఉంటుంది కాబట్టి లోపలి మనిషి చెయ్యి గమ్ దాకా పోదు. తీగ డాష్‌బోర్డు వెనక అంచు మీద రాసుకుని గాడి పెట్టేస్తుంది. అక్కడ పాత ప్లాస్టిక్ స్కేలు ఒకటి అడ్డం పెట్టి, దాని మీదుగా తీగను జరిపాం. స్కేలుకు గాట్లు పడితే పడనీ. లోపలి లాగుడు కురచగా, బయటి లాగుడు పొడుగ్గా పెట్టుకోవాలి. గమ్ పూత మొదలుపెట్టి ముగించిన అతుకు చాలాసార్లు కింది వైపే ఉంటుంది, అక్కడ గమ్ రెండింతలు మందం. తీగ మొరాయించిన కింది మూలల్లో బయటి నుంచి కత్తి వాడాం. దాని బ్లేడు పొడవు ఎంచుకోవడంలో జాగ్రత్త ఉండాలి. గ్లాసు అంచు నుంచి గమ్ అవతలి ఒడ్డు దాకా అందాలి, అంతకు మించి పోకూడదు. ముప్పావు అంగుళం, ఒక అంగుళం, అంగుళంపావు బ్లేడులు దొరుకుతాయి. పొట్టిది సగం కోసి వదిలేస్తుంది, పొడుగుది డాష్‌బోర్డును చీలుస్తుంది. బ్లేడు అడుగు గ్లాసుకు పూర్తిగా ఆనాలి, పిడి మెలితిరగకూడదు.

చుట్టూ తెగిందనుకున్నాక వెంటనే ఎత్తకూడదు. లోపలి నుంచి అరచేత్తో ఒక్కో వైపు మెల్లగా తోసి చూడాలి. ఎక్కడో ఒకచోట రెండు వేళ్ల మేర గమ్ మిగిలే ఉంటుంది. అది తెలియకుండా లిఫ్టర్లతో లాగితే పగిలేది సరిగ్గా అక్కడే. చిన్న కారు గ్లాసు బరువు పది పన్నెండు కిలోలకు మించదు, ఒక్కడే ఎత్తగలడు కూడా. కానీ అడ్డంగా నాలుగడుగులకు పైగా ఉన్న వంపు పలక ఒక మూల బరువుకే మెలితిరుగుతుంది, అందుకే ఇద్దరు పట్టాలి. కప్పులు పెట్టే చోట గ్లాసు తుడిచి ఆరబెట్టాలి, దుమ్ము మీద పెట్టిన కప్పు మధ్యలో జారిపోతుంది. తీసిన గ్లాసును మెత్తటి ఫోమ్ మీద, రెండు చోట్ల ఆనేలా, దాదాపు నిలువుగా నిలబెట్టాలి. గచ్చు మీద అంచు ఆనిస్తే ఇంతసేపు కాపాడిందంతా అక్కడ పోతుంది.

గ్లాసు తీశాక రేకు చూస్తే, పై ఎడమ మూలలో మౌల్డింగ్ కింద ఉప్పు, దుమ్ము కలిసి తడిగా గడ్డకట్టి ఉంది. పెయింటు అక్కడ రాపిడికి పోయి, తుప్పు గమ్ కిందికి అర జానెడు పాకింది. నీళ్లు వచ్చే దారి అదే. తుప్పు ఉన్నంత మేర గమ్ మొత్తం చెక్కేసి, గీరి తెల్లటి ఇనుము తేల్చాం. గుంటలు పడ్డాయి కానీ చిల్లులు లేవు, లేకపోతే టింకరింగ్‌లో ముక్క వేసి వెల్డింగ్ చేయాల్సి వచ్చేది. ఎపాక్సీ ప్రైమర్ వేసి పూర్తిగా ఆరనివ్వాలి. గమ్ కూర్చునే గీత మీద లప్పం పెట్టకూడదు, మందంగా రంగు కొట్టకూడదు. గమ్ లప్పాన్ని పట్టుకుంటుంది, లప్పం రేకును వదిలేస్తుంది. పెయింటరుకు ఇది ముందే చెప్పి, ఆ గీత మీద టేపు వేయించాలి.

తుప్పు లేని మిగతా చుట్టూ పాత గమ్ పీకేయనక్కర్లేదు. పదునైన స్క్రేపర్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర మిగిలేలా సమంగా చెక్కితే చాలు. బాగా పట్టుకుని ఉన్న పాత యురెథేన్ మీద కొత్తది చక్కగా పడుతుంది. గ్లాసు మీది గమ్‌ను కూడా అలాగే చెక్కాలి. అంచున ఉన్న నల్లటి పట్టీని బ్లేడుతో గీరితే, ఆ గీతల్లోంచి ఎండ లోపలికి వెళ్లి గమ్‌ను పాడుచేస్తుంది. చెక్కిన ముఖాన్ని వేలితో ముట్టుకోవద్దు. ఎక్కడైనా ఇనుము తేలితే అక్కడికి మాత్రమే గమ్ కింద పూసే నల్ల ప్రైమర్ పూయాలి, డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వాలి.

గమ్ లెక్క ఇలా వేసుకోవచ్చు. చిన్న కారు గ్లాసు చుట్టుకొలత నాలుగు మీటర్ల పైచిలుకు. వి ఆకారంలో కోసిన నాజిల్‌తో 8 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల ఎత్తున్న త్రిభుజపు గీత గీస్తే 200 మిల్లీలీటర్లు పడుతుంది. 310 మిల్లీలీటర్ల ట్యూబు ఒకటి సరిపోతుంది, అయినా రెండు దగ్గర పెట్టుకోవాలి. గీత మధ్యలో ట్యూబు అయిపోయి, బజారుకు పరిగెత్తి వచ్చేసరికి మొదట వేసిన గమ్ మీద చర్మం కట్టేస్తుంది, ఇక అది గ్లాసును పట్టదు. గీత తెగకుండా ఒకే ఎత్తులో రావాలి, చివర మొదటి కొస మీదికి కాస్త ఎక్కించాలి. టేపు గుర్తులు కలిపి గ్లాసును కూర్చోబెట్టి, అరచేత్తో సమంగా నొక్కి, పైన టేపులతో బిగించాం.

ఈ రకం గమ్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. మా తీరంలో ఆ తేమకు కొదవ లేదు, అయినా బండి కదపడానికి ట్యూబు మీద రాసిన సమయం దాకా ఆగాల్సిందే. అప్పటిదాకా ఒక కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచాలి. అన్నీ మూసి తలుపు ధడాలున వేస్తే లోపలి గాలి ఒత్తిడి తడి గమ్ మీదున్న గ్లాసును బయటికి నెడుతుంది. నీళ్ల పరీక్షకు ప్రెషర్ వాషర్ వద్దు. మామూలు పైపుతో, కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి, లోపల ఒకరు టార్చిలైటుతో కూర్చుని చూడాలి. ముందే పైనుంచి పోస్తే నీళ్లు అంతటా పారి, కారుతున్న చోటు ఏదో తెలియదు. కార్పెట్‌ను పైకి లేపి అడుగున ఉన్న స్పాంజిని పూర్తిగా ఆరబెట్టాకే వేయాలి, లేకపోతే పాత తడే వాసన కొడుతూ, మళ్లీ నీళ్లు వస్తున్నాయని బండి యజమాని తిరిగి వస్తాడు.